గిన్నెలకు జాగ లేదు

మంగళవారం, ఎల్లారెడ్డి

పిల్లల కోసం కామారెడ్డిలో డాక్టరుకు చూపించుకుంటున్నామని మేమిద్దరం అత్తమ్మకు చెప్పనే లేదు. పోయిన ప్రతిసారీ సామాన్ల కోసమని చెప్పడం, వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర ఒక స్టీలు గిన్నె కొనుక్కురావడం. ఈరోజూ అంతే. మూత ఉన్న గిన్నె తీసి చూపించాను. ఆమె వంటింటి అరల వైపు చూసి అంది:

"ఇగ బగోనెలు తేకుండ్రి బిడ్డా, పెట్టనీకి జాగ లేదు. దవాఖానకు పోతే దవాఖానకే పోయినమని చెప్పుండ్రి."

మంచినీళ్లు తాగుతున్న మా ఆయనకు పొలమారింది. నాకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది.

"ఎప్పటినుంచి ఎరుక అత్తమ్మా?"

"రెండో బగోనె కాడనే. వండేది ముగ్గురికి, గిన్ని బగోనెలెందుకు? వచ్చే వారం నేను గూడ వస్త. మిర్చిబజ్జీలు ఇప్పిస్తె సాలు."

వచ్చే వారం ఇచ్చే రిపోర్టులో ఏముంటుందోనన్న భయం ఎక్కడికీ పోలేదు. కానీ ఇన్నాళ్లూ డాక్టరు 'ఈసారీ కాలేదు' అన్న రోజు కూడా ఇంటికొచ్చి, గిన్నె చూపించి నవ్వాల్సి వచ్చేది. ఇక నవ్వు రాని రోజు నవ్వక్కర్లేదు.

ఇప్పుడు మాత్రం, ఇది రాస్తుంటే, నవ్వు ఆగడం లేదు...