బీరువా ముందు ముగ్గు

1990 ఆగస్టు, ఆదివారం రాత్రి. మిర్కాబ్.

ఇది దుకాణం వెనక కట్టిన ఇల్లని అల్లుడంటాడు, కాదు. మొదట కట్టింది ఇల్లే. తర్వాతెవరో వీధివైపు వసారాను బట్టల దుకాణం చేశారు. అందుకే చెక్కిన సింహద్వారం వీధిలో కాక దుకాణం వెనకగోడలో ఉంది. ఇరాక్ సైన్యం ఈ దేశంలోకి వచ్చిన రోజు అల్లుడు దానికి అడ్డంగా బీరువా జరిపి, "వెనక ఇల్లుందని ఇంక ఎవరికీ తెలీదులే అత్తా" అన్నాడు.

ఈ మధ్యాహ్నం ఇద్దరు సైనికులు దుకాణంలో దూరారు. కూతురు, మనవరాలు బీరువా వెనక ఇంట్లో దాక్కున్నారు. అల్లుడితో పాటు నేను గల్లా దగ్గర కూర్చున్నాను. ముసలిదాన్ని ఎవరూ దోచుకుపోరు కదా.

తానులు మోస్తున్న ఒకడు ఆగి నేలకేసి చూశాడు. బీరువా కాళ్ల ముందు ముగ్గు. పొద్దున వేసింది నేనే. గడప ఎక్కడుంటే చెయ్యి అక్కడికే పోతుంది, ఎమ్మే చదివినా.

"షినూ హాదా?" ఏమిటిదని వాడు అడిగాడు.

"సలాత్. మా ప్రార్థన" అన్నాడు అల్లుడు.

వాడు ముగ్గు తొక్కకుండా పక్కనుంచి దాటి, మా తానులన్నీ ఎత్తుకుపోయాడు. దొంగకున్న మర్యాదలో సగం బుద్ధి నాకు లేకపోయింది. ముగ్గుందంటే దాని వెనక గడప ఉందని చెప్పినట్టే. ఈసారి వచ్చేవాడికి ఆ మర్యాద లేకపోతే...

రేపు తెల్లారకముందే తడిగుడ్డతో నేల తుడవాలి. ముగ్గుడబ్బా వంటింట్లోకి మార్చాలి. బియ్యప్పిండే కదా, పిల్లకు రెండు రొట్టెలవుతాయి.