పల్లానికి నిలిపిన కారు

అక్కా,

ఎంత తొందరలో ఉన్నా కారును పల్లానికే ఎందుకు నిలిపేదానివి? నువ్వుండగా అడగలేకపోయాను.

నువ్వు పోయాక బావగారు దాన్ని నాకిచ్చారు. కోవూరు నుంచి నెల్లూరు కాలేజీకి పాఠం చెప్పడానికి వెళ్లాలంటే రోజూ వీధిలోవాళ్లను బతిమాలి తోయించుకోవాలి. స్టార్టర్ నొక్కితే ‘టక్’మంటుంది, అంతే. బ్యాటరీ రెండుసార్లు మార్పించాను. ఇవాళ బావగారు వచ్చి, "పాత ఇనుముకిచ్చేద్దాం అమ్మాయ్" అన్నారు. మెకానిక్ మస్తాన్ మళ్లీ బ్యాటరీయే పోయిందన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"లైట్లు అంత తెల్లగా వెలుగుతుంటే బ్యాటరీ ఎట్లా పోతుంది మస్తాన్?"

"సదువుకున్నోళ్లతో ఇదేనమ్మా తంటా. బండిక్కూడా పరీక్ష పెడతారు" అని సణుగుతూ కిందికి దూరాడు.

ఇంజన్ను చాసిస్‌కు కలిపే ఎర్త్ తీగ ఉప్పుగాలికి తుప్పుపట్టి, రెండు పోగుల మీద వేలాడుతోంది; స్టార్టర్‌కు చాలినంత కరెంటు అందడం లేదు. కొత్తది బిగించాక ఒక్క నొక్కుకే స్టార్టయింది.

"ఇది నిన్నామొన్నా పోయింది కాదమ్మా. డాక్టరమ్మ పల్లంలో దొర్లించే స్టార్ట్ చేసి నడిపినట్టుంది" అన్నాడు మస్తాన్.

అప్పుడర్థమైంది. చెడిందని తెలిస్తే బావగారు అమ్మేస్తారని, సముద్రం ఒడ్డు ఊళ్లకు నువ్వు కాన్పులు చేయడానికి వెళ్లడం ఆగిపోతుందని భయపడ్డావు.

బావగారు బానెట్ మీద చెయ్యి వేశారు. "నాతో ఒక్కమాట చెప్పి ఉంటే అప్పుడే బాగు చేయించేవాణ్ణి కదా" అన్నారు.

చేయించేవారేమో. అమ్మేసేవారేమో కూడా. ఆయన్ని నువ్వు సరిగ్గా తెలుసుకున్నావో, పొరబడ్డావో నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.