చందా ఆగిన జర్నళ్లు

మంగళవారం రాత్రి, తార్నాక

రెండుసార్లు ఉతికినా చున్నీకి అంటిన శ్రీకాంత్ నెత్తురు మరక పోలేదు.

చందా కట్టక ఆగిపోయిన ఈ-జర్నళ్లను, అంటే ఆన్‌లైన్ పరిశోధన పత్రికలను, నేను పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీ కేటలాగ్‌లోంచి తీసేద్దామని ఎన్నిసార్లు అడిగినా మా లైబ్రేరియన్ సార్ ఒప్పుకోలేదు. "ఇన్‌స్పెక్షన్ అయ్యేదాక ఉండనీ అమ్మా, వచ్చెటోళ్లకు జర్నళ్లు మస్తుగ కనపడాలె" అన్నారు. పీహెచ్‌డీ చేస్తున్న శ్రీకాంత్ ఆ కేటలాగ్‌ని నమ్మి, థీసిస్‌కు కావలసిన వ్యాసాలన్నీ మా దగ్గరే ఉన్నాయని గైడుకు చెప్పేశాడు. గడువు ఈ వారమే. ఇవాళ ఏ లింకు నొక్కినా తెరుచుకోలేదు.

"ఉన్నదని రాసిండ్రు గద మేడం! ఏడున్నది?" అంటూ హెల్మెట్‌తో మానిటర్ పగలగొట్టాడు. సార్ కాలర్ పట్టుకుని ఆయన్ని బీరువాకేసి గుద్దాడు. సెక్యూరిటీ వాళ్లు వచ్చి అతన్ని కింద పడేసి లాఠీలతో బాదారు. తల పగిలింది. "ఆపుండ్రి, సస్తడు!" అని అరుస్తూ అడ్డం పడి, నా చున్నీ తీసి అతని తలకు అదిమిపెట్టాను.

ఇందాక సార్ ఫోన్ చేశారు. ఎన్ని కుట్లు పడ్డాయని అడుగుతారనుకున్నాను.

"కోపంల ఆ జర్నళ్లు తీసెయ్యలే గదమ్మా?" అన్నారు.

ఫోన్ గోడకేసి కొట్టాను. పగిలిన అద్దం ముక్కలు ఏరుతుంటే వేలు తెగింది. ఆ చున్నీకే తుడుచుకున్నాను.