నీ తోలు జాకెట్ మీది అమ్మ బొట్లు

బాపూ,

బాగున్నావా? నువ్వు పోయి ఏడాది మీద నాలుగు నెలలైంది. ముందు మంచి కబురు చెప్తాను. నీ తోలు జాకెట్ పాడవలేదు.

నీ బట్టలన్నీ పదకొండో రోజే ఇచ్చేశారు. జిప్పు మార్పించడానికి టైలర్ దగ్గర ఇచ్చి ఉండటం వల్ల ఇదొక్కటి మిగిలింది. అమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. నన్ను కూడా ముట్టనివ్వలేదు.

నేను నీ బండి నేర్చుకున్నాను, బాపూ! నవ్వకు... క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని నేను, తిరుమలగిరి అంగడి రోజున జనం మధ్యలోంచి హారన్ కొట్టుకుంటూ పోతున్నాను. ఎందుకో తెలుసా? అమ్మను ఆలేరుకు, తనను కన్న అవ్వ దగ్గరికి తీసుకుపోవాలని. నువ్వు పోయాక అమ్మ పుట్టింటి గడప తొక్కలేదు. బోసి నుదురుతో బస్సెక్కలేనంది. ఆ పదకొండో రోజు అమ్మ బొట్టు తీసింది అవ్వే కదా... పక్కనే నిలబడి కూడా నేను ఒక్క మాట అనలేకపోయాను.

బండి మీదైతే కొంగు కప్పుకొని వస్తానంది. కానీ ఈ చలిలో నేను జాకెట్ లేకుండా నడపొద్దంది. తాళం తీసి చూస్తే వీపు నిండా గుండ్రటి మరకలు. ఎండిన జిగురు, దాని మీద దుమ్ము.

అవేమిటో నీకు తెలుసు. ఆదివారం పొద్దున పేపర్లన్నీ వేసి వచ్చి, అమ్మను ఎక్కించుకుని ఆలేరు పోయేవాడివి. మోత్కూరు రాకముందే అమ్మ నీ వీపు మీద నుదురు ఆనించి నిద్రపోయేది. దిగేసరికి స్టిక్కర్ బొట్టు నుదుటి మీద ఉండేది కాదు. నువ్వు వెనక్కి తిరిగి అందరికీ చూపించేవాడివి. "ఈమె బొట్టుకు నా ఈపే కావాల్నట. నుదురు నచ్చుతలేదు!"

మరకలు పోవాలి, తోలు ఖరాబు కావద్దు. ఇదీ అమ్మ షరతు. పక్కింటి చిన్నాయన పెట్రోలుతో తుడవమన్నాడు. పిన్ని గోళ్ళరంగు తీసే మందు తెచ్చిచ్చింది. రెండూ రంగును తినేస్తాయని వద్దన్నాను. పాత కవర్ల మీది స్టాంపులు నేను పీకుతుంటే నువ్వు ఏమనేవాడివి? "గుంజకు బిడ్డా. నానితె అదే వస్తది."

ముందు అంచు లోపల, ఎవరికీ కనబడని చోట, కొబ్బరినూనె ఒక్క చుక్క రాసి తెల్లవారేదాకా ఆగాను. రంగు మారలేదు. అప్పుడు మొదలుపెట్టాను. కొంత జిగురు వేలితో రుద్దితేనే ఉండలు కట్టి వచ్చింది. మొండిగా ఉన్నవాటికి హెయిర్ డ్రయ్యర్ జానెడు దూరం నుంచి, తక్కువ వేడి మీద పట్టి, పాత లైబ్రరీ కార్డు అంచుతో మెల్లగా నెట్టాను. మిగిలిన చారలకు దూదితో నూనె అద్ది, కాసేపు ఉంచి తుడిచాను. చివరికి బాగా పిండిన తడిగుడ్డ, ఆ తర్వాత నీడలో ఆరబెట్టడం. మధ్యాహ్నమంతా పట్టింది.

అమ్మ పక్కనే కాపలా కూర్చుంది. కాసేపటికి తనే మరకలు చూపించడం మొదలుపెట్టింది.

"ఇది మా తమ్ముని పెండ్లిది. గిది మీ బాపుతోటి కొట్లాడి పోయినప్పటిది."

"కొట్లాడి కూడా ఆయన వీపు మీదనే పడుకున్నావా అమ్మా?"

"మరి నిద్ర ఆగుతదానె?"

నవ్వింది, బాపూ! నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా...

కాలరు మడత కింద ఒక బొట్టు చెక్కుచెదరకుండా దొరికింది. మెరూన్ రంగు, కందిబద్దంత. అమ్మ దాన్ని చాలాసేపు వేలి మీద పెట్టుకుని చూసింది. ఆ రోజు నా నోట రాని మాట అప్పుడు వచ్చింది. "అమ్మా, కొత్తది పెట్టుకో." అమ్మ తెల్లారి తనే దుకాణానికి పోయి ఒక బొట్ల అట్ట కొనుక్కొచ్చింది.

నిన్న ఆలేరు పోయాం. జాకెట్ నాకు తొడల దాకా వచ్చింది. అమ్మ దారంతా ఒక్క కునుకు తీయలేదు. "మా అవ్వ ఏమంటదో... మా అవ్వ ఏమంటదో..." ఇదే మాట.

బండి దిగాక కూడా కొంగు తీయలేదు. అవ్వ వచ్చి తన చేత్తోనే కొంగు వెనక్కి తీసింది. నుదుటి మీది కొత్త బొట్టు చూసింది. నేను ఏదో అనబోయాను. అవ్వ చెయ్యెత్తి ఆగమంది.

"మీ నాయిన పోయి ముప్పై ఏండ్లాయె... నాకొక్కటి ఉన్నదా బిడ్డా?"

అమ్మ కొంగుముడిలోంచి అట్ట తీసి, అవ్వ నుదుట ఒకటి అద్దింది, బాపూ. పెట్టిన బొట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. అవ్వ అద్దం తెమ్మంది. మేం తిరిగి బయలుదేరేదాకా ఆ అద్దం ఎవరికీ ఇవ్వలేదు!

ఇక మీద ప్రతి ఆదివారం తీసుకుపోతాను. అమ్మ నిద్రపోతే నెమ్మదిగానే నడుపుతాను. నువ్వు ఫికర్ చేయకు.

నీ బిడ్డ