విప్పని అన్నం పొట్లాలు

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు భ్రమరాంబకు అన్నయ్య ఆశీర్వదించి రాయు లేఖ.

సింగపూరులో అబ్బాయి, కోడలు రాధ, మనవరాలు కీర్తిక, నేను ఆరోగ్యంగా ఉన్నాము. మీ ఇంటిల్లిపాదీ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. తేదీ లేని ఉత్తరానికి మార్కులు కోసినవాణ్ణి నేనే. అయినా ఈసారి తేదీని, పనిచోటు పేరును కావాలనే వదిలేశాను. ఇక్కడి కూలీల పని పర్మిట్లతో కూడిన వ్యవహారమిది.

నా మోకాలి నొప్పి సంగతి అడిగావు. రోజూ మేముండే టోవా పాయో పేటలో నడుస్తున్నాను, చాలావరకు తగ్గింది. ఇక, ఇక్కడ పనిచేస్తున్న తన భర్త మారయ్య ఏదో గొడవలోకి దిగుతున్నాడని మీ పక్కింటి ఆదెమ్మ దిగులుపడుతున్నదని రాశావు. ఆమె భయం నిజమే. కానీ గెలిచాము, భ్రమరా! పూర్తిగా గెలిచాము.

పనిచోట మారయ్య వాళ్ళకు మధ్యాహ్న భోజనం తెల్లవారకముందే పొట్లాల్లో వచ్చేది. ఎండలో పడి ఉండి, పన్నెండింటికల్లా పాచిపోయేది. ఎంత మొరపెట్టుకున్నా మేనేజరు వినలేదు. ఒక ఆదివారం పదిమంది మా ఫ్లాట్ల కింద చేరారు. మరునాడే ఆ మేనేజరును కొట్టాలని వాళ్ళలో ఉపేంద్ర అనేవాడి పట్టుదల. కొడితే ఇక్కడ జైలు, ఆపైన ఊరికి విమానం.

వాళ్ళను ఆపడానికి నాలుగు పేజీల ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. కీర్తిక "తాతా, టూ లాంగ్ లా!" అని ఇక్కడి యాసలో మొత్తుకున్నా వినలేదు. అహింస గొప్పదనాన్ని ఒక్క సమాసమైనా వదలకుండా చదివాను.

"మేస్టారూ, శానా బాగా సెప్పినారు గానీ, మా కడుపుకి తెలుగు రాదండి," అన్నాడు ఉపేంద్ర. అందరూ నవ్వుతూ లేచారు.

మారయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు బావా. ఐదో తరగతిలో ఈ మేస్టారే బెత్తం ఇరిగేదాకా నన్ను కొట్టినారు. లెక్కలొచ్చినాయేటి? బడే మానేసినాను. ఈ మేనేజరూ అంతే. కొడితే మన మాట ఇనడు. మన కాడ ఇంటికొచ్చినోణ్ణి పిలవకుండా మనం ముద్ద నోట్లో ఎట్టుకుంటామేటి? ఈణ్ణీ పిలుద్దుం. ఆడు తిన్నాకే మనం తిందుం."

వాదమంటే అది! నా నాలుగు పేజీలూ జేబులోకి వెళ్ళిపోయాయి. భోజన విరామం దాటి ఒక్క నిమిషమైనా పని ఆపవద్దని మాత్రం చెప్పాను.

తరువాతి కథ ఉపేంద్రే వచ్చి చెప్పాడు. పనిచోట ఉన్న ఎనభైమందీ విప్పని పొట్లాలు ముందు పెట్టుకొని బారులుగా కూర్చున్నారట. మారయ్య చేతులు జోడించి, "సార్, కమ్. యూ ఈట్ ఫస్ట్," అన్నాడట. మేనేజరు నవ్వి వెళ్ళిపోయాడు. వీళ్ళు ఖాళీ కడుపులతో పనిలోకి వెళ్ళారు. రెండోనాడూ అంతే. మూడోనాడు అతడు వచ్చి కూర్చున్నాడు. పొట్లం విప్పి, ఒక్క ముద్ద నోట పెట్టి, మింగలేకపోయాడు.

ఇప్పుడు రోజూ పదకొండున్నరకు వేడి అన్నం వస్తున్నది. ఒక్కరినీ పనిలోంచి తీసి ఊరికి పంపించలేదు.

ఒక్క మాట ఇంతకాలం దాచాను. చదువు అబ్బక మారయ్య బడి మానేశాడని నీకూ, ఊరికీ ముప్పైయేళ్ళుగా చెబుతూ వచ్చాను. అబద్ధం. నా బెత్తానికి భయపడి మానేశాడని నాకు ఆనాడే తెలుసు. అతడు దానిని కోపంతో అనలేదు, ఉదాహరణగా చెప్పాడు. పదిమందిలో నా తల వంగిపోయింది. అయినా నా శిష్యులలో ఇంత గొప్పగా మాట్లాడినవాడు మరొకడు లేడు.

ఈ ఉత్తరాన్ని ఆదెమ్మ వాకిట్లో నలుగురినీ కూర్చోబెట్టి పైకి చదువు. బెత్తం సంగతి వచ్చినచోట గొంతు తగ్గించకు.

ఇట్లు,
నీ అన్నయ్య
సీతారామారావు