పాత జత, కొత్త జత

శుక్రవారం రాత్రి

నాన్న చెవులు తలుచుకుంటే ఇంకా ఒళ్లు జలదరిస్తోంది.

ఆదివారం పోలీసు సెలక్షన్ పరుగు. పాత షూ ఏడాదికే మడమ దగ్గర అరిగింది. అదే షూ కొత్త మోడల్ కొన్నాను. దాని అడుగుభాగం మందంగా, మెత్తగా ఉంది. ఏది వేసుకోవాలో తేలక, సాయంత్రం మా ప్రోతరాపూర్ ఇంటి ముందు రోడ్డు మీద ముందు పాతవి, తర్వాత కొత్తవి వేసుకుని పరిగెత్తాను. నాన్న అరుగు మీద, రోడ్డుకి వీపు పెట్టి వల బాగుచేసుకుంటున్నాడు. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

"ఏవి బాగున్నాయి నాన్నా?" అని ఊరికే అడిగాను.

"కొత్తవి మెత్తన గదా, సప్పుడు దాసేత్తన్నాయి. రెండిట్లోనూ నీ కుడికాలు లేటుగానే పడతంది. మోకాలు నొప్పెట్టి ఎన్నాళ్లయిందమ్మా?"

వానల్లో జారిపడ్డ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"నీకెలా తెలుసు?"

"ఇంజన్ ఎక్కడ కొట్టుకుంటందో ఇనే గదా సముద్రం మీద బతికినాం. వానలకి ముందు నీ పరుగు ఇలా లేదు. రేపు ఆస్పత్రికి పోదాం, పరుగు సంగతి తర్వాత. సమ్‌ఝీ, తెలిసిందా?"

డాక్టరు వద్దంటే ఆదివారం ఏం చెయ్యాలో...

వానలకి ముందు ఎలా పరిగెత్తానో ఆయనకెలా తెలుసు? రోజూ తెల్లవారుజామున నాన్న నిద్ర చెడకూడదని షూ చేత్తో పట్టుకుని, గేటు దాకా వట్టి కాళ్లతో వెళ్లి, అక్కడ వేసుకుని ఇదే రోడ్డు మీద పరిగెత్తుతాను. ఏడాదిగా ఆయన నిద్రపోతున్నాడనే అనుకున్నాను.