కొత్త ర్యాక్‌కు కొట్టిన కొబ్బరికాయ

శుక్రవారం, రాజమండ్రి

పెదవి నుంచి ఇంకా నెత్తురు కారుతోంది. మా ఆసుపత్రిలో కంప్యూటర్ల సర్వర్లు, స్టోరేజీ, నెట్‌వర్కు మూడూ కలిపి బీరువాలాంటి ఒకే ఇనుప ర్యాక్‌లో పెట్టారు. ముగ్గురం చేసే పనికి ఇక ఒక్కరు చాలట. ఆ ఒక్కరూ స్టోరేజీ చూసే సూరిబాబు గారట, నెట్‌వర్కు చూసే నేను కాదు.

పొద్దున దానికి చేసిన పూజలో కాయ నేనే కొట్టాను, ర్యాక్ ఇనుప అంచుకేసి. నీళ్లు లోపలికి పోయాయి. ఒక్క దెబ్బకి మూడూ చచ్చాయి. ఆపరేషన్ బల్ల మీద మనిషి ఉండగానే స్కాన్ చూపే తెర ఆరిపోయింది.

"ఏంట్రా ఈ పని! గుమ్మం బయట కొట్టమన్నానా లేదా!" అంటూ సూరిబాబు గారు నా మొహాన్ని ర్యాక్ తలుపుకేసి బాదారు. చేతిలోని కొబ్బరిచిప్పతో ఆయన నుదురు పగలగొట్టాను.

బల్ల మీది మనిషి సంగతి ఇంకా తెలియలేదు.

గుమ్మం బయట కొట్టమని సూరిబాబు గారు చెప్పనే లేదని మేనేజరు గారి ముందు ఒట్టేశాను. చెప్పారు. నాకు బాగానే వినిపించింది.